జిగురు పెట్టిన కాగితపు పువ్వు ఓరిగామి కాదా?

మల్లెతీగ:
మా పాప ఎనిమిదో తరగతి. పది రోజులు కూర్చుని కుసుదామ బంతి చేసింది. ఐదు రెక్కలకు ఒక పువ్వు, పన్నెండు పువ్వులకు ఒక బంతి, మొత్తం 60 చదరపు కాగితాలు. స్కూల్లో ఓరిగామి (కాగితం మడిచి బొమ్మలు చేసే కళ) పోటీకి తీసుకెళ్తే జిగురు వాడిందని పక్కన పెట్టేశారు. ఒకే కాగితం, కత్తెర వద్దు, జిగురు వద్దు, మొదటినుంచీ అదే పద్ధతి అన్నారట. నిజంగా మొదటినుంచీ అంతేనా? ఆ రాత్రి పాప అన్నం కూడా సరిగా తినలేదు.

నాలుగుమూలలు:
పాప బాధపడిందంటే నాకూ కష్టంగానే ఉందండీ. కానీ ఆ నియమం సరైనదే. జిగురు ఉంటే రెక్కను ఎక్కడ కావాలంటే అక్కడ అతికించొచ్చు, మడతకు ఇక పనేముంది? లిల్లీ పువ్వు చూడండి. ఒక్క చదరంలోంచి నాలుగు రెక్కలు వస్తాయి, చివర్లు పెన్సిలుకు చుడితే వంపు తిరుగుతాయి. 1980ల్లో తోషికాజు కవాసాకి అనే గణిత పండితుడు చేసిన గులాబీ కూడా ఒక్క కాగితమే. మధ్యలో మెలిక తిప్పితే రెక్కలు ఒకదాని వెనక ఒకటి సర్దుకుంటాయి.

శారద_క్రాఫ్ట్:
నాలుగుమూలలు గారూ, ఆ ‘మొదటినుంచీ’ అన్న మాట దగ్గరే నాకు పేచీ. 1797లో జపాన్‌లో అచ్చయిన ‘సెంబజురు ఒరికత’ కొంగల పుస్తకం. అందులో ఒక కాగితాన్ని మధ్యమధ్య కోసి, మూలల దగ్గర మాత్రం తెగకుండా ఉంచి, ఒకదాన్నొకటి పట్టుకున్న కొంగల్ని మడుస్తారు. 1845 ప్రాంతపు ‘కయరగుస’ సంకలనంలో తూనీగకు ఎన్నో కోతలు. కత్తెర వాడటం తప్పు అని వాళ్లెవరూ అనుకోలేదు.

కుసుదామ ఇంకా పాతది. ఆ మాటకు మందు ఉండ అని అర్థం. జపాన్‌లో హెయాన్ కాలంలో (8–12 శతాబ్దాలు) ఐదో నెల ఐదో రోజున సుగంధ ద్రవ్యాలు, మూలికలు సంచిలో పోసి, పువ్వులు చేర్చి, ఐదు రంగుల దారాలతో వేలాడదీసేవారు, రోగాలు దగ్గరికి రాకూడదని. కాగితపు పువ్వులు తర్వాత ఆ రూపం అందుకున్నాయి. వాటిని దారంతో కుట్టడమూ ఉంది, జిగురుతో అతకడమూ ఉంది. పుట్టుకే కూర్పుగా ఉన్నదాన్ని అతుకు ఉందని తోసేస్తే ఎలా?

ఇంకో సంగతి. కాగితం మడవడం జపాన్‌కే చెందింది కాదు. జర్మనీలో కిండర్‌గార్టెన్ పద్ధతి మొదలుపెట్టిన ఫ్రోబెల్ బడుల్లో పిల్లలు చదరాన్ని మడిచి పువ్వుల్లాంటి నమూనాలు చేసేవారు. 1876లో టోక్యోలో పెట్టిన కిండర్‌గార్టెన్‌కు ఆ పద్ధతే వెళ్లింది. ఆ కాగితాలు చూసే టి. సుందర రో 1893లో మద్రాసులో, మడతలతో జ్యామితి నేర్పే పుస్తకం అచ్చువేయించారు. కత్తెర ముట్టకూడదన్న పట్టుదల బలపడింది 20వ శతాబ్దంలోనే. జపాన్ ఓరిగామి కళాకారుడు అకిరా యోషిజావా తడి కాగితంతో చేసిన బొమ్మలు చూశాక ఆ పట్టుదల నాకూ నచ్చింది, ఒప్పుకుంటాను. కానీ కొత్త నియమాన్ని పాతదని చెప్పి పిల్లను వెనక్కి పంపడం అన్యాయం.

నాలుగుమూలలు:
చరిత్ర విషయంలో నాది పొరపాటే. పోటీ ప్రకటనలోనే నియమం రాసి ఉండాల్సింది, అదీ నిజమే. అయినా నియమాన్ని వదులుకోను. చేతిలో కత్తెర ఉంటే ఐదు నిమిషాల్లో గులాబీ వచ్చేస్తుంది, కవాసాకి ఆ మెలిక కోసం వెతకాల్సిన అవసరమే ఉండేది కాదు.

కత్తిపడవ:
మల్లెతీగ అక్కా, పాపకు తామర పువ్వు నేర్పండి. నాలుగు మూలలూ మధ్యకు మూడుసార్లు మడిచి, తిప్పి మరోసారి మడవాలి. వెనకనున్న పొరల్ని ఒక్కొక్కటే పైకి లాగితే రెక్కలు విప్పుకుంటాయి. జిరాక్స్ కాగితం లాగేటప్పుడు చిరిగిపోతుంది, పల్చని గట్టి కాగితం తీసుకోండి. జపాన్ వాళ్ల సంప్రదాయ కాగితం వాషీకి పొడవాటి నార ఉంటుంది కాబట్టే అన్ని మడతలు తట్టుకుంటుంది.

మల్లెతీగ:
శారద గారి జవాబు పాపకు చదివి వినిపించాను. మందు ఉండ అన్న మాట విని బంతిని పూజగది గుమ్మం పైన కట్టించింది. రాత్రి గులాబీ మొదలుపెట్టింది, మెలిక దగ్గర ఆగిపోయింది. మెలిక తిప్పేటప్పుడు కింది పొరను ఏ వేలితో పట్టుకోవాలో ఎవరైనా చెప్పగలరా?