సమస్యాపూరణం: శూన్యమైన చోట జ్యోతి వెలిగె

ఈసారి సమస్యకు మూలం ఒక ఇంగ్లీషు క్రియ, అనైహిలేట్; అంటే ఏమీ మిగలకుండా నాశనం చేయడం. పలికేటప్పుడు హకారం వినపడదు. దీనికి మూలమైన లాటిన్ మాట నిహిల్ అంటే ఏమీ లేకపోవడం. కూల్చితే రాళ్లు మిగులుతాయి, కాల్చితే బూడిద మిగులుతుంది. ఈ క్రియలో మాత్రం ఏదీ మిగలకూడదు. ఆ భావం పట్టుకుని ఆటవెలదిలో పూరించండి.

పూరణ 1

కణము దాని యెదురు కణముతో కలియగ
రెండు మాసిపోయి రేణువైన
మిగల దనుచు నెంచ మెఱుపు జంటగ వచ్చె;
శూన్యమైన చోట జ్యోతి వెలిగె.

చాలా బాగుందండీ! ఎలక్ట్రాన్, దాని ఎదురు కణమైన పాజిట్రాన్ కలిసి మాయమైతే సాధారణంగా రెండు గామా కిరణాలు పుడతాయి. ఒక్కొక్కదాని శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఆసుపత్రుల్లో ఒంటి లోపలి చిత్రాలు తీసే పెట్ స్కాన్ యంత్రం పసిగట్టేది ఈ జంటనే. మీ ‘జంటగ’ అన్న మాట ఊరికే పడలేదు. కంటికి కనపడని కాంతిని మెఱుపు అనడం కవికి చెల్లుతుంది. భౌతికశాస్త్రంలో ఈ క్రియ వాడినా పోయేది కణాలే, శక్తి ఎక్కడికీ పోదు. సమస్యలోని వైరుధ్యం అక్కడే విడిపోయింది.

పూరణ 2

పగను కూల్చినాడు పాత కక్షలు వీడి
చెలిమి చేయి చాచి చేరినాడు
మనసులోని కోపమంతయు నణగంగ
శూన్యమైన చోట జ్యోతి వెలిగె.

గణాలు, యతులు సరిపోయాయి. అర్థం దగ్గరే నాకు తృప్తి లేదు. కూలినదానికి శిథిలాలుంటాయి, అణగిన కోపం మళ్లీ లేస్తుంది. ‘పగను మాపినాడు’, ‘కోపమంతయు నశియింప’ అని మార్చి చూడండి, ఛందస్సు చెడదు.

– సవరణకు ధన్యవాదాలు గురువుగారూ. ‘మాపు’ అంటే చెరపడం కదా, అది అబ్లిటరేట్ అవదా?

– మంచి ప్రశ్న అమ్మా. అబ్లిటరేట్‌లో ఉన్నది అక్షరం అని అర్థమిచ్చే లాటిన్ మాటే, రాసింది చెరిపేయడం దాని మూలార్థం. ‘మాపు’ దానికే దగ్గర, ఒప్పుకుంటాను. అయితే ‘రూపుమాపు’ అన్నప్పుడు మన మాట కూడా అనైహిలేట్ దాకా వెళుతుంది. ‘నశియింప’ పక్కన ఉంది కాబట్టి ఇక్కడ ఆ బలం వస్తుంది.

పూరణ 3

ఆటలోన నోడి యంతమైతి నటంచు
కుమిలి కుమిలి యేడ్చి కునుకు తీసి
మరల లేచినాను మరునాటి గెలుపుకై;
శూన్యమైన చోట జ్యోతి వెలిగె.

ఆటల వార్తల్లో చిత్తుగా ఓడించడాన్నీ ఈ అనైహిలేట్ క్రియతోనే చెబుతారు. అది అతిశయోక్తి, ఓడినవాళ్లు మర్నాడు మళ్లీ ఆడతారు. ‘అంతమైతి’ పక్కన మీరు పెట్టిన ‘అటంచు’ నాకు ఎంతో నచ్చింది. అంతమైనది ఆటగాడి తలపులోనే.