అప్‌డేట్: 40,000 × 40,000 మ్యాట్రిక్స్ వర్కర్ల మధ్య పంచడం కుదిరింది

మ్యాట్‌ల్యాబ్‌లో (లెక్కల కోసం వాడే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) ఇంత పెద్ద మ్యాట్రిక్స్‌ని, అంటే సంఖ్యల పట్టికని, నాలుగు వర్కర్లకి (ఒకేసారి పనిచేసే వేర్వేరు ప్రాసెస్‌లు) పంచబోతే 32 జీబీ మెమరీ కూడా చాలడం లేదని మొన్న అడిగాను. ఇప్పుడు పని చేస్తోంది. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్, రెండు రోజుల టెన్షన్ తీరింది.

మొదట మొత్తం మ్యాట్రిక్స్‌ని క్లయింట్‌లోనే, అంటే నేను కోడ్ నడిపే మెయిన్ మ్యాట్‌ల్యాబ్‌లోనే తయారుచేసి, తర్వాత దాన్ని వర్కర్లకి పంచే డిస్ట్రిబ్యూటెడ్ ఫంక్షన్‌కి ఇచ్చేవాణ్ని. డబుల్ ప్రెసిషన్‌లో (ఒక్కో సంఖ్యకి 8 బైట్లు) అదొక్కటే 12.8 జీబీ. అదే కోడ్‌ని ఎస్‌పీఎండీ బ్లాక్‌లోకి (ఇందులోని కోడ్‌ని వర్కర్లన్నీ ఒకేసారి నడుపుతాయి) మారిస్తే ఇంకా ఘోరం: పంచుకునే ముందు ప్రతి వర్కరూ మొత్తం కాపీ తయారుచేసుకోబోయింది. అంటే 51.2 జీబీ!

మీరు చెప్పినట్టే, ఇప్పుడు ఒక్కో వర్కరూ తన వంతు 10,000 కాలమ్స్ మాత్రమే లెక్కగడుతుంది. అది 3.2 జీబీ. తర్వాత కోడిస్ట్రిబ్యూటెడ్ బిల్డ్ అనే ఫంక్షన్‌తో ఆ ముక్కలన్నీ ఒకే అర్రే, అంటే ఒకే మ్యాట్రిక్స్ అవుతాయి. పంపకం రెండో డైమెన్షన్ మీదని (అంటే కాలమ్స్ వారీగా అని), మొత్తం సైజు ఎంతో, పంపకం వివరాలు పెట్టుకునే కోడిస్ట్రిబ్యూటర్‌కి ముందే చెప్పాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మొదలు కాలమ్ లెక్కలో వర్కర్ నంబర్ నుంచి 1 తీసేయడం మర్చిపోయాను. రెండో వర్కర్ 10,001కి బదులు 20,001 నుంచి మొదలుపెట్టింది. సైజులు సరిపోయాయి కాబట్టి ఎర్రర్ రాలేదు, విలువలు మాత్రం తప్పు. 8 × 8 మ్యాట్రిక్స్‌తో, వర్కర్ దగ్గరున్న ముక్కని ఇచ్చే గెట్ లోకల్ పార్ట్ ఫంక్షన్‌తో ఒక్కో ముక్కా చూస్తే గానీ దొరకలేదు.

మొత్తం మ్యాట్రిక్స్‌కి గ్యాదర్ (ముక్కలన్నిటినీ క్లయింట్‌కి తెచ్చే ఫంక్షన్) వాడటం మానేశాను. చివరి ఫలితాన్నే క్లయింట్‌కి తెచ్చుకుంటున్నాను.