అప్‌డేట్: రోగ నిర్ధారణ కాకముందే పిప్ మంజూరైంది

సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రాణాపాయ స్థితి) నుంచి కోలుకున్నాక మావారి కాళ్లూ చేతులూ పట్టు తప్పాయి. జబ్బేమిటో ఇంకా తేలనప్పుడు ఇంగ్లండ్‌లో పిప్, అంటే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్ (దీర్ఘకాలిక అనారోగ్యం, వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే భత్యం), కోసం దరఖాస్తు చేయవచ్చా అని అప్పట్లో అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. న్యూరాలజిస్టు నివేదిక రాకముందే అది మంజూరైంది.

జబ్బు పేరు కోసం చూడకుండా, దాని వల్ల ఏ పనులు చేయలేకపోతున్నారో రాయమన్న సలహాయే మాకు పనికొచ్చింది. ఇబ్బంది 3 నెలలుగా ఉండి, మరో 9 నెలలైనా కొనసాగేలా ఉండాలన్నది నిబంధన. ఆ సలహా ప్రకారం "నడవగలరు" అని వదిలేయకుండా, పడిపోయే ప్రమాదం లేకుండా, తగిన సమయంలో, మళ్లీ మళ్లీ ఎంత దూరం నడవగలరో, సగానికి పైగా రోజుల్లో పరిస్థితి ఎలా ఉంటుందో వివరంగా రాశాము. ఫిజియోథెరపిస్టు ఇచ్చిన ఉత్తరం దానికి గట్టి ఆధారమైంది. సాధారణంగా ఫోన్ చేసి దరఖాస్తు మొదలుపెట్టిన తేదీ నుంచే డబ్బు లెక్కిస్తారు కనుక, నిర్ధారణ కోసం దయచేసి ఆగకండి.

తర్వాత నరాల పరీక్షల్లో క్రిటికల్ ఇల్‌నెస్ పాలీన్యూరోపతి (తీవ్ర అనారోగ్యం వల్ల నరాలు దెబ్బతినడం) అని తేలింది. ఎంఆర్ఐ త్వరగా రావాలని మేము పడిన ఆత్రుతకూ దరఖాస్తుకూ సంబంధమే లేకపోయింది. జీతం, పొదుపు కూడా పిప్‌కు అడ్డు కావు.

మాకు ఐఎల్ఆర్ (బ్రిటన్‌లో కాలపరిమితి లేకుండా ఉండే అనుమతి) ఉంది కనుక పిప్‌కు వీసా అడ్డు రాలేదు. వీసాపై ప్రభుత్వ నిధులకు అర్హత లేదన్న షరతు ఉన్నవారు, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం నుంచి కట్టే సామాజిక భద్రతా చందా) తగినంత చెల్లించి ఉంటే, న్యూ స్టైల్ ఈఎస్ఏ (అనారోగ్యం వల్ల పని చేయలేనివారికి ఆ చందా ఆధారంగా ఇచ్చే భత్యం) గురించి విచారించాలి. అది ఆ షరతు కిందికి రాదు.