పొద్దున్నే వేళ్ళు ముడవడం కష్టంగా ఉంది, ఇంట్లో ఏం చేసుకుంటున్నారు?

ప్రశ్న:
నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళు వాచి బిగుసుకుపోయే జబ్బు) వచ్చి 6 ఏళ్ళు. మందులు మానకుండా వేసుకుంటున్నాను. అయినా లేచాక గంటసేపు పిడికిలి బిగించలేను. నిన్న పళ్ళు తోముకుంటుంటే బ్రష్ రెండుసార్లు జారిపోయింది, ఏడుపొచ్చేసింది. ఇంట్లో ఉన్నవాటితో మీరు చేసుకున్న ఏర్పాట్లుంటే చెప్పండి.

జవాబు:
ముందు బ్రష్ సంగతి చూద్దామండీ. పాత తువ్వాలు నుంచి జానెడు ముక్క కత్తిరించి పిడికి గట్టిగా చుట్టి, రెండు చివర్లా రబ్బరు బ్యాండ్లు వేయండి. పిడి లావైతే వేళ్ళు పూర్తిగా ముడవక్కర్లేదు, కీళ్ళ మీద భారం తగ్గుతుంది. నా గరిట, పెన్ను, దువ్వెన అన్నిటికీ ఇలాగే చుట్టాను. తడిసిన గుడ్డ మాత్రం రోజూ మార్చాలి.

జవాబు:
మా అమ్మకీ ఇదే బాధ. కాటన్ సాక్సులో పొడి బియ్యం సగానికి పైగా నింపి ముడేశాను. మైక్రోవేవ్‌లో ఒక్క నిమిషం పెట్టి, ముందు నా ముంజేతికి ఆనించి చూసుకునే అమ్మ చేతుల్లో పెడతాను. 15 నిమిషాలు చాలు. కీలు వాచి ఎర్రబడిన రోజు వేడి పెట్టం, గుడ్డలో చుట్టిన ఐసే.

ప్రశ్న అడిగినవారు:
తువ్వాలు ముక్క చుట్టాను. ఇవాళ బ్రష్ జారలేదండీ! సీసా మూతలకేం చేస్తారు?

జవాబు:
రబ్బరు గ్లవ్ తొడుక్కుని అరచేత్తో నొక్కి తిప్పండి, వేళ్ళతో వద్దు.