పాత క్యాంపర్ వ్యానులో రేడియేటర్ ఫ్యాను తిరగడం లేదు: నేరుగా స్విచ్ పెట్టించుకోవచ్చా?

లంకదారి:
అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లె. ఒక పాత డీజిల్ వ్యాను కొన్నాను. ముందు యజమానే లోపల మంచం, వంటగట్టు, పైన సోలార్ ప్యానెల్, వెనుక రెండో బ్యాటరీ అమర్చుకున్నారు. 216 హైవే మీద పరుగులో ఉన్నంతసేపూ వేడి ముల్లు మధ్యలోనే ఉంటుంది. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఇంజను ఆపకుండా నిలబడితే మాత్రం ఎర్రగీత దాకా పోతుంది. ఫ్యాను కదలదు. ఫ్యూజు బాగుంది, కూలెంట్ నిండుగా ఉంది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఫ్యాను ప్లగ్గు ఊడదీసి మీటరు పెడితే 12.4 వోల్టులు వస్తున్నాయి. మా మెకానిక్ గారు, వెతకడం దండగ, డాష్‌బోర్డు మీద స్విచ్ పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగేస్తానంటున్నారు. సరేననవచ్చా?

పాలకొల్లు_ఆటోఎలక్ట్రిక్:
నిశ్చింతగా వేయించుకోండి. ఇలా చేసిన బండ్లు మా దగ్గర చాలా తిరుగుతున్నాయి. పాత బండిలో రేడియేటర్ వేడెక్కగానే ఫ్యానును వేయించే థర్మో స్విచ్, దాని చిన్న కరెంటుతో ఫ్యాను పెద్ద కరెంటును కలిపే రిలే, వాటి మధ్య వైరింగ్, ఏదో ఒకటి ఎప్పుడూ మొరాయిస్తూనే ఉంటుంది. కొత్త వైరు లాగితే తిరిగిందా, పని అయిపోయింది. తిరగలేదా, మోటారులో కార్బన్లు అరిగినట్టు. దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

చెరువుగట్టు:
ముందు థర్మోస్టాట్ వాల్వు, అదే ఇంజను వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలేది, తీసి పారేయండి. మన ఎండలకు అదెందుకు?

మీటరు_మాస్టారు:
లంకదారి గారూ, కాస్త ఆగండి. వాల్వు జోలికి వెళ్లవద్దు. అది లేకపోతే డీజిల్ ఇంజను హైవే మీద చల్లగానే ఉండిపోతుంది, పొగ పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. పైగా మీకు పరుగులో ముల్లు సవ్యంగానే ఉంటోంది, అంటే వాల్వు తెరుచుకుంటోంది.

ఇక ఆ 12.4 సంగతి. దాన్ని నమ్మకండి. మీటరు తీసుకునే కరెంటు లేనట్టే లెక్క. వైరులో ఒక్క పోగు మిగిలినా, బోల్టు కింద చిలుము పేరుకున్నా మీటరుకు నిండు వోల్టేజీ కనబడుతుంది. ఫ్యానుకు 15 నుంచి 20 ఆంపియర్లు కావాలి. అంత భారం పడగానే ఆ వోల్టేజీ కుప్పకూలుతుంది. పాత హెడ్‌లైట్ బల్బు, 55 వాట్లది, ఒకటి తెచ్చి ఆ ప్లగ్గుకు కలపండి. మసకగా వెలిగితే తప్పు వైరింగులో ఉంది. నిండుగా వెలిగితే అప్పుడు మోటారును అనుమానించండి.

నేరుగా స్విచ్ అనే మాట వింటేనే నాకు భయం. 20 ఆంపియర్లను సన్నని వైరులో డాష్‌బోర్డు దాకా తెచ్చి, పక్కనే ప్లైవుడ్డు, ఫోము పరుపు, కర్టెన్లు, గ్యాసు సిలిండరు పెట్టుకుని పడుకుంటారా?

పాలకొల్లు_ఆటోఎలక్ట్రిక్:
మాస్టారూ, రిలే లేకుండా వేస్తానని ఎవరన్నారు? బ్యాటరీ పక్కనే ఫ్యూజు, ఆపైన 30 ఆంపియర్ల రిలే. డాష్‌బోర్డు స్విచ్‌లో పోయేది రిలే కాయిల్ తీసుకునే కరెంటే, అది పావు ఆంపియర్ కూడా ఉండదు. చేసేవాడికి తెలియదనుకోవడం మీకు అలవాటైపోయింది.

కడియం_లోడు:
స్విచ్ వేయడం మరిచిపోతే వేడికి ఇంజను హెడ్డు పోతుంది, ఆర్పడం మరిచిపోతే తెల్లారేసరికి బ్యాటరీ పోతుంది. మా బావమరిది మొక్కల బండికి మొదటిదే జరిగింది, రావులపాలెం వంతెన మీద. అక్కడి నుంచి గ్యారేజీకి లాక్కుపోయేసరికి ఆ లోడు కిరాయి మొత్తం అయిపోయింది.

పాలకొల్లు_ఆటోఎలక్ట్రిక్:
రిలేకు కరెంటు కీ పాయింటు నుంచి తీసుకుంటే కీతో పాటే ఆరిపోతుంది. వేయడం మరిచిపోయేవాడు హ్యాండ్‌బ్రేక్ తీయడం కూడా మరిచిపోతాడు, దానికి నేనేం చేయను?

గౌతమి_ఒడ్డు:
ఈ వ్యాను అమ్ముతారా? యానాంలో ఒకరు అడుగుతున్నారు.

లంకదారి:
అమ్మను. మాస్టారు గారు చెప్పినట్టు బల్బు పెట్టాను. మిణుకుమిణుకుమంది. తర్వాత బ్యాటరీ నుంచి రెండు లావు వైర్లు తెచ్చి ఫ్యానుకు ఇస్తే జోరుగా తిరిగింది. అంటే మోటారు బాగుంది కదా?

మీటరు_మాస్టారు:
బాగుంది. ఇప్పుడు ప్లగ్గు మామూలుగా పెట్టేసి, ఇంజను వేడెక్కనిచ్చి, ఫ్యాను నలుపు వైరు నుంచి బ్యాటరీ మైనస్‌కు ఒక లావు వైరు కలపండి. తిరిగితే తప్పు బాడీ ఎర్త్‌లో, అంటే కరెంటు బండి రేకు గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారిలో. తిరగకపోతే ప్లస్ వైపు రిలే కాళ్ల దగ్గర వెతకాలి, 30, 87 అని రాసి ఉన్న కాళ్ల దగ్గర.

చెరువుగట్టు:
ఎర్త్ అంటే నాకు నమ్మకం కుదిరింది. మా రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్ల స్టార్టర్లలో చూస్తూనే ఉంటాం కదా. అంతర్వేది వైపు ఉప్పుగాలికి రాగి ఎన్నాళ్లు ఆగుతుంది? అయినా వాల్వు తీసేయడమే మంచిది.

లంకదారి:
తిరిగింది! ఎడమ హెడ్‌లైటు కింద ఎర్త్ బోల్టు విప్పి చూశాను. ఒకే బోల్టుకు అయిదు లగ్గులు (వైర్ల చివర ఉండే రింగులు). అన్నిటికంటే అడుగున ఫ్యానుది, దాని మీద హారన్, లైట్లవి, అన్నిటి పైన వెనుక బ్యాటరీ చార్జర్‌ది. అది మాత్రం కొత్తగా మెరుస్తోంది. అడుగు లగ్గు పచ్చగా చిలుము పట్టి, దాని కింద రేకు మీద రంగు అలాగే ఉంది. 2022 జూలై వరదల్లో ఈ బండి కనకాయలంక కాజ్‌వే మీద నీళ్లలోంచి వచ్చిందని ముందు యజమాని చెప్పారు. అదీ కారణమేమో.

మీటరు_మాస్టారు:
చూశారా! పాలకొల్లు వారి మాట విని ఉంటే కొత్త ప్లస్ వైరు వేసేవారు, ఎర్త్ అలాగే ఉండేది, ఫ్యాను తిరిగేది కాదు. మోటారు పోయిందని కొత్తది కొనిపించేవారు.

పాలకొల్లు_ఆటోఎలక్ట్రిక్:
నేను వైరు లాగితే ఎర్త్ కూడా బ్యాటరీ దాకా లాగుతాను. ప్లస్ ఒక్కటే వేసే పని మా షాపులో లేదు.

మీటరు_మాస్టారు:
మీ మొదటి పోస్టులో ఎర్త్ అన్న మాటే లేదు. పైకి వెళ్లి చదువుకోండి.

పాలకొల్లు_ఆటోఎలక్ట్రిక్:
అన్నం వండుతాను అన్నవాడు నీళ్లు పోస్తానని విడిగా చెప్పాలా?

మీటరు_మాస్టారు:
చెప్పాలి. నా కారుకు ఇలాగే ఒకరు "నేరుగా" వేశారు. కంపెనీ వైరింగు కట్ చేసి, చివరలకు టేపు చుట్టి వదిలేశారు. మోటారు మార్చారు, రేడియేటర్ మార్చారు. చివరికి కారణం థర్మో స్విచ్ ప్లగ్గు వదులుగా ఉండటమే. పాత మోటారు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, బ్యాటరీకి కలిపితే చక్కగా తిరుగుతుంది. ఎవరినీ పేరు పెట్టి అనడం లేదు. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే వాళ్లను చాలామందిని చూశాను.

పాలకొల్లు_ఆటోఎలక్ట్రిక్:
అనండి, పేరు పెట్టే అనండి. ఇక నేనూ చెబుతాను. ఈ మధ్య ఒక పెద్దమనిషి ఇలాంటి వ్యానే తెచ్చారు. వెనుక లైట్లు వేస్తే ముందు హారన్ మోగుతోంది. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేవేళ వరకు బండి కింద పడుకుని, ఒక్కో వైరూ పట్టుకుని, చివరికి తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు కనిపెట్టాను. గరుకు కాగితంతో రుద్ది బిగించాను. కూలి చెప్పగానే ఆయన ఏమన్నారో తెలుసా? "ఒక్క బోల్టు బిగించినందుకు ఇంతా?" అన్నారు. టీ డబ్బులంత చేతిలో పెట్టి వెళ్లిపోయారు. అదే మోటారు మార్చి ఉంటే బిల్లు చూపిస్తే మారుమాట లేకుండా ఇచ్చేవారు. లోపల చెక్కపనికి లక్షలు పోస్తారు. తప్పు కనిపెట్టడానికి మాత్రం పైసా ఇవ్వరు. స్విచ్ వేస్తే కంటికి కనబడుతుంది, అందుకు డబ్బులిస్తారు. మాకు మీటరు తెలియక స్విచ్‌లు వేస్తున్నామనుకుంటున్నారా?

కడియం_లోడు:
ఇది మాత్రం నిజమండి.

మీటరు_మాస్టారు:
అయితే ఆ మాట ముందే చెప్పి, వెతికినందుకు ఇంత అని అడగండి. డబ్బులు రావని బండికి అక్కర్లేని పని చేయడం ఏ న్యాయం? నాకు మీ చేతిపని మీద అనుమానం లేదు. నేను ఇచ్చిన డబ్బు దేనికి ఇచ్చానో తెలియకపోవడమే నా బాధ.

పాలకొల్లు_ఆటోఎలక్ట్రిక్:
అడిగాను. షాపు ముందు బోర్డు కూడా రాయించాను, "చూసినందుకు కూలి వేరు" అని. బోర్డు చదివి పక్క షాపుకు వెళ్లారు. అక్కడ చూడటం ఉచితం, మార్చడమే ఉంటుంది. ఇద్దరు పిల్లల చదువులు బోర్డు మీద నడవవు మాస్టారూ. తీసేశాను.

చెరువుగట్టు:
మా చెరువుల్లో ట్రాన్స్‌ఫార్మర్ చూడటానికి వచ్చినవారికి, బాగైనా కాకపోయినా, వచ్చినందుకు ఇస్తాం. రాత్రిపూట ఏరేటర్ ఆగితే రొయ్య తెల్లారేదాకా ఆగదు కాబట్టి ఇస్తాం. వ్యానువాళ్లకు ఆ తొందర లేదు, అంతే తేడా.

లంకదారి:
రేకు మీద రంగు గీకి, ఫ్యాను లగ్గు కొత్తది వేసి, చార్జర్ ఎర్త్‌ను వేరే బోల్టుకు మార్చాను. రేవులో చాలాసేపు నిలబెట్టి చూశాను. ఫ్యాను తనంతట తానే తిరిగి, ఆగి, మళ్లీ తిరిగింది. స్విచ్ పెట్టించడం లేదు.

పాలకొల్లు_ఆటోఎలక్ట్రిక్:
బోల్టు బిగించాక పైన వాసెలిన్ పూయండి, లేదంటే ఏడాది తిరగకుండానే మళ్లీ అదే కథ. రిలే కూడా ఒకసారి పీకి చూడండి. కాళ్లు నల్లబడినా, దాని కింద ప్లాస్టిక్ కరిగినట్టున్నా మార్చేయండి. ఫ్యాను తిరగలేక ఆగిపోయినప్పుడు లాగే కరెంటు మామూలుగా తిరిగేటప్పటి కన్నా ఎక్కువ, అది రిలేను కాలుస్తుంది.

మీటరు_మాస్టారు:
ఎర్త్ అంత చెడినప్పుడు ఎక్కువ కరెంటు ఎలా లాగుతుంది? కానీ రిలే చూడమన్న మాట సరైనదే.

కడియం_లోడు:
అన్నట్టు, మా బండికి తిరగబడిన జబ్బు. కీ తీసేసినా ఫ్యాను ఆగడం లేదు, ఇంజను చల్లబడ్డా తిరుగుతూనే ఉంటుంది. రిలే లోపల అతుక్కుపోయిందా?

పాలకొల్లు_ఆటోఎలక్ట్రిక్:
కావచ్చు, థర్మో స్విచ్ అతుక్కున్నా అదే జరుగుతుంది. రిలే పీకి చూడండి. పీకినా తిరిగితే వైర్లు ఎక్కడో కలిసిపోయినట్టు. పీకగానే ఆగితే బండి తీసుకురండి. చూసినందుకు కూలి ఉంటుంది, ముందే చెబుతున్నాను.