గన్ పెట్టినా చేతులెత్తడు, అడిగితే కరెంట్ పోయిందంటడు: ఆర్‌పీ రూల్స్ ఎట్ల నడిపించాలె?

కూకట్‌పల్లి కోబ్రా:
అన్నలూ, సలహా కావాలె. మా దోస్తులం కలిసి ఫైవ్ఎమ్‌ల (జీటీఏ 5 గేమ్‌ను సొంత సర్వర్ల మీద ఆడనిచ్చే సాఫ్ట్‌వేర్) తెలుగు ఆర్‌పీ (రోల్‌ప్లే, ఒక్కొక్కరు ఒక పాత్ర లెక్క ఆడుడు) సర్వర్ నడుపుతున్నం. క్యూబీకోర్ (ఆర్‌పీ సర్వర్ల రెడీమేడ్ కోడ్) మీద, 48 స్లాట్లు. రాత్రి తొమ్మిది దాటితే దాదాపు నిండుతది. జనం మంచిగనే వస్తున్నరు గానీ రూల్స్ కాడనే తలకాయ నొస్తున్నది. తల మీద గన్ పెట్టినా ఒక్కడు చేతులెత్తడు, ఎదురు కాలుస్తడు. పోలీసులు బేడీలు వేయంగనే గేమ్ బంద్ చేసి పోతడు, అడిగితే "కరెంట్ పోయింది బ్రో" అంటడు. ఆర్‌డీఎం (కారణం లేకుండ చంపుడు) టికెట్లు, అంటే కంప్లైంట్లు, రోజూ వస్తయి, ఇద్దరూ తమదే కరెక్ట్ అంటరు. బ్యాన్ చేస్తే వాని గ్యాంగ్ మొత్తం డిస్కార్డ్ చాట్‌ల లొల్లి. చెయ్యకపోతే మంచిగ ఆడేటోళ్లు వేరే సర్వర్‌కి పోతున్నరు. రూల్స్ డాక్యుమెంట్ ఉంది, మస్తు పెద్దది, ఎవ్వడు చదవడు. ఇంకేం రూల్స్ పెట్టాలె? శిక్షలు ఎంత పెంచాలె?

బేగంపేట్ బాద్‌షా:
పర్మనెంట్ బ్యాన్ కొట్టు. ఇద్దరు ముగ్గురు పోతే మిగిలినోళ్లు వాళ్లే సెట్ అయితరు.

లాస్ శాంటోస్ లాయర్:
కోబ్రా, సలహా చెప్పే ముందు ఒకటి అడగాలి. మీ స్టాఫ్‌లో గ్యాంగ్ ఆడేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కూకట్‌పల్లి కోబ్రా:
ఇద్దరున్నరన్నా. అండ్ల ఒకడు గ్యాంగ్ లీడరే. సర్వర్ హోస్టింగ్ పైసలు కూడ ఎక్కువ వాడే కడ్తడు.

లాస్ శాంటోస్ లాయర్:
అయితే మీ రోగం శిక్షల్లో లేదు. గల్లీ క్రికెట్‌లో బ్యాట్ ఎవడిదో వాడు ఔట్ అవ్వడు, మిగతావాళ్లు నాలుగు రోజులు చూసి వేరే గ్రౌండ్‌కి పోతారు. మీ దగ్గర జరిగేది అదే. బాద్‌షా చెప్పినట్టు పర్మనెంట్ బ్యాన్లు వేసినా, లీడర్ మనుషులకు ఒక లెక్క, నిన్న చేరినవాడికి ఒక లెక్క అని జనానికి అనిపించినంత కాలం ప్రతి బ్యాన్‌కీ గొడవ తప్పదు.

స్టాఫ్ గ్యాంగ్ ఆడకూడదని నేననను. ఆడకపోతే సర్వర్ కోసం అంత పని ఎవడు చేస్తాడు? కానీ తను ఉన్న సీన్, తన గ్యాంగ్ ఉన్న సీన్, తన ప్రత్యర్థి గ్యాంగ్ ఉన్న సీన్, ఈ మూడింటి టికెట్లూ వాడు ముట్టుకోకూడదు. సీన్ మధ్యలో అడ్మిన్ మెనూ తెరవకూడదు, చచ్చిపోతే తనను తాను లేపుకోకూడదు. ఇది నోటిమాటగా చెప్తే నిలవదు. సర్వర్‌ను నడిపే టీఎక్స్ అడ్మిన్ ప్యానెల్‌లో ఒకే మాస్టర్ లాగిన్‌ను అందరూ వాడుతుంటే ఈరోజే ఆపండి. ఒక్కొక్కరికి వేరే ఖాతా, వాళ్లకు అవసరమైనంత అనుమతి మాత్రమే ఇవ్వండి. ఎవరు ఎవర్ని కిక్ చేశారో, బ్యాన్ చేశారో లాగ్‌లో పేరుతో సహా ఉంటుంది.

ఇక రూల్స్. పెద్ద డాక్యుమెంట్ ఎవరూ చదవరు, నిజమే. చదివినా మీ రూల్ "ప్రాణానికి విలువ ఇవ్వాలి" అని మాత్రమే ఉంటే ఒక్కో అడ్మిన్ ఒక్కో తీర్పు ఇస్తాడు. అడ్మిన్ క్లిప్ చూస్తూ అవును, కాదు అని చెప్పుకోగలిగేలా రూల్ రాయాలి. గన్ వాడికి కనబడేలా గురిపెట్టి ఉందా? మాట వినపడేంత దగ్గరలో ఉన్నాడా? వాడి చేతిలో అప్పటికే ఆయుధం ఉందా, ఖాళీ చేతులా? ఖాళీ చేతులతో ఉండి, తల వెనక ఇద్దరు గన్ పెడితే, తుపాకీ తీసి తిరగబడినవాడిది తప్పు. అదే వాడు ఇంజిన్ ఆన్‌లో ఉన్న కారులో కూర్చుని, దొంగ రోడ్డుకు అవతల నిలబడి అరుస్తుంటే, కారు లాగించి పారిపోవడం తప్పు కాదు. నిజంగా భయపడినవాడు కూడా అదే చేస్తాడు. ఈ రెండో ఉదాహరణ రూల్ కిందే రాయకపోతే దొంగలాడేవాళ్లు ప్రతి డ్రైవర్ మీదా టికెట్ వేస్తారు.

ఎన్‌ఎల్‌ఆర్ (న్యూ లైఫ్ రూల్, చచ్చి మళ్లీ లేచాక కొత్త జీవితం అనే రూల్) కూడా అంతే. హాస్పిటల్‌లో రీస్పాన్ అయినవాడికి చావు ముందు సంగతులు గుర్తుండవు. ఈఎంఎస్ (ఆటలో అంబులెన్స్ వాళ్లు) వచ్చి అక్కడే లేపినవాడి సంగతేంటి? చాలా సర్వర్లలో వాడికి గుర్తుంటుందనే నడుస్తుంది. మీ దగ్గర ఏదైనా సరే, ఒకటి తేల్చి రాయండి. సగం టికెట్లు ఈ సందులోంచే వస్తాయి.

కోడింగ్ కాకా:
లాయర్ గారు చెప్పినదానికి టెక్నికల్ వైపు నుంచి కొంచెం.

"కరెంట్ పోయింది" అనేవాడిని ఎలా పట్టుకోవాలంటే, ఒక్కసారితో పట్టుకోలేం. ఫైవ్ఎమ్‌లో ఆటగాడు బయటికి పోగానే వచ్చే ప్లేయర్‌డ్రాప్డ్ ఈవెంట్‌తో పాటు కారణం కూడా వస్తుంది. తనంతట తను బయటికి వెళ్తే ఎగ్జిటింగ్ అని, లైన్ తెగితే టైమ్డ్ అవుట్ అని పడుతుంది. ఎగ్జిటింగ్ అని పడి "కరెంట్ పోయింది" అన్నాడంటే అక్కడికక్కడే అబద్ధం తేలిపోతుంది. టైమ్డ్ అవుట్ అని ఉంటే మాత్రం నిజంగా పోయిందో, వైర్ పీకాడో లాగ్ చెప్పదు. వానాకాలం సాయంత్రం మన ఊళ్లో కరెంటూ పోతుంది, నెట్టూ పోతుంది, కాబట్టి మొదటిసారి నమ్మండి. అదే మనిషి చేపలు పట్టేటప్పుడు ఎప్పుడూ పోకుండా, బేడీలు పడినప్పుడు మాత్రమే పోతుంటే చరిత్ర చూసి నిర్ణయం తీసుకోండి. డ్రాప్ అయిన ప్రతిసారీ కారణం, చోటు, ఆ క్షణంలో వాడి స్థితి ఒక ప్రైవేట్ డిస్కార్డ్ ఛానెల్‌కి వెబ్‌హుక్‌తో (ఆటోమేటిక్‌గా మెసేజ్ వేసే లింక్) పంపితే ఆ చరిత్ర దానంతట అదే తయారవుతుంది.

ఇంకో సంగతి, క్యూబీకోర్ మెటాడేటాలో (ఒక్కో ఆటగాడి స్థితి దాచే చోట) ఇప్పటికే బేడీలు, లాస్ట్ స్టాండ్ (చావుకు ముందు పడిపోయిన స్థితి), చావు, జైలు అన్నిటికీ గుర్తులున్నాయి. తిరిగి వచ్చినప్పుడు వాటిని చదివి, బేడీలతోనే, పడిపోయిన స్థితిలోనే లేచేలా చేయండి. పారిపోయి లాభం లేదని తెలిస్తే సగం మంది పారిపోరు. పదిహేను నిమిషాల్లో తిరిగి రావాలి, లేదా ఆలోపు ఫోన్లోంచైనా టికెట్ తెరిచి చెప్పాలి అని రూల్ పెట్టుకోండి. కరెంట్ పోయినా మొబైల్ డేటా ఉంటుంది కదా.

ఆర్‌డీఎం విషయంలో కిల్ లాగ్ చూసి తీర్పు ఇవ్వకండి. ఎవరు ఎవర్ని ఏ గన్‌తో కాల్చారో అందులో ఉంటుంది, కాల్చేముందు ఏం మాట్లాడుకున్నారో ఉండదు. మాటలు సర్వర్‌లో రికార్డ్ కావు. కాబట్టి క్లిప్ తప్పనిసరి. మైక్, గేమ్ సౌండ్ రెండూ ఉండాలి, గొడవకు ముందు రెండు నిమిషాలైనా కోయకుండా ఉండాలి. ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రీప్లే బఫర్ (చివరి కొద్ది నిమిషాలను పట్టి ఉంచేది) పెట్టుకుంటే చాలు. "నా పీసీ స్లో అవుతుంది" అనేవాళ్లుంటారు, 720పీలో పెట్టుకోమనండి. మొహాలు గుర్తుపట్టడానికి కాదు, మాటలు వినడానికి.

దిల్‌సుఖ్‌నగర్ కేఫ్ అన్న:
తమ్మీ, నాది గేమింగ్ కేఫ్. మీరెవ్వరు చెప్పని ముచ్చట ఒకటుంది. మా కాడ ఐదుగురు దోస్తులు పక్కపక్క సిస్టమ్‌లల్ల కూసొని ఒకే గ్యాంగ్ ఆడ్తరు. ఒకడు గేమ్‌ల చచ్చిపోయి పడుంటడు, వాడే పక్కోని భుజం తట్టి "లెఫ్ట్‌ల బిల్డింగ్ మీద ఉన్నడు రా" అంటడు. ఇది మెటాగేమింగ్ (ఆట బయట తెలిసిన ముచ్చట ఆటల వాడుడు) కాదా మరి? డిస్కార్డ్ కాల్‌ల చెప్పుకున్నా, కేఫ్‌ల అరుసుకున్నా ఒకటే. నేను ఆపలేను, గిరాకీ పోతది.

ఇంకోటి, బ్యాన్ల సంగతి. మీరు హార్డ్‌వేర్ ఐడీ (సిస్టమ్ గుర్తు) మీద బ్యాన్ కొడితే వాడు రేపు ఇంకో సిస్టమ్ మీద కూసుంటడు, వాడు లేచిన సిస్టమ్ మీద కూసున్న పిల్లగాడు ఏం తెల్వకుంట బ్యాన్ అయి నన్ను తిడ్తడు. ఐపీ బ్యాన్ అయితే కేఫ్ మొత్తం పోతది.

కోడింగ్ కాకా:
అన్నా, ఇది ముఖ్యమైన మాట. కోబ్రా, ఐపీ బ్యాన్ అసలు వద్దు. కేఫ్ అనే కాదు, చాలా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఒకే ఐపీని బోలెడు ఇళ్లకు పంచుతాయి, వీధిలో ఇంకొకడు కూడా బలవుతాడు. రాక్‌స్టార్ (జీటీఏ కంపెనీ) లైసెన్స్, డిస్కార్డ్ ఐడీ మీద బ్యాన్ చేయండి. హార్డ్‌వేర్ ఐడీ మాత్రమే కలిసి, మిగతావి ఏవీ కలవకపోతే అది కేఫ్ సిస్టమ్ కావచ్చు, అప్పీల్ రాగానే చూసి వదిలేయండి. మాడ్ మెనూలు, చీట్లు వాడినవాడికి మాత్రం ఈ దయ అక్కర్లేదు.

పక్కన కూర్చుని చెప్పుకోవడానికి ఒక్కటే మందు ఉంది, క్లిప్‌లో మైక్ వినబడటం. ఐదుగురూ ఒకే గదిలో ఉంటే ఒకరి మైక్‌లో ఇంకొకరి గొంతు పడకుండా ఉండదు. సమాచారం గేమ్ రేడియోలోనో గేమ్ ఫోన్‌లోనో వెళ్లాలి. రేడియోలో ఎవరూ మాట్లాడకుండానే గ్యాంగ్ మొత్తం ఒకేసారి ఒకే కిటికీ వైపు తిరిగితే అది చాలు వార్నింగ్‌కి.

నల్లకుంట నర్స్:
నేను ఈఎంఎస్ ఆడతాను. అందరూ కాల్పుల గురించే మాట్లాడుతున్నారు. వాయిస్‌లో ఆడపిల్ల గొంతు వినబడితే చాలు, వెంటపడి వాగేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. కులం పేరుతో తిట్టడం, అమ్మ మీద బూతులు, అడిగితే "క్యారెక్టర్ తిట్టింది సిస్టర్, నేను కాదు" అనడం. దీనికి వార్నింగులూ మెట్లూ వద్దు. ఆర్‌పీ ఆపేద్దాం అని ఒకరు ఓఓసీలో (పాత్ర వదిలి, మామూలు మనిషిగా) అన్నాక కూడా ఆపకపోతే అక్కడితో సీన్ అయిపోయినట్టే. నేను ఏ సర్వర్‌లో చేరాలన్నా ముందు చూసేది ఇదే. గన్ రూల్స్ తర్వాత.

లాస్ శాంటోస్ లాయర్:
నర్స్ గారితో వంద శాతం ఏకీభవిస్తాను. మెట్లు ఉండాల్సింది ఆట తెలియక చేసే తప్పులకు: మొదట టీఎక్స్ అడ్మిన్ వార్నింగ్ (స్క్రీన్ నిండా వస్తుంది, స్పేస్ నొక్కి పట్టుకుంటే గానీ పోదు, చూడలేదని చెప్పలేరు), తర్వాత ఒక రోజు, మూడు రోజులు, వారం. మనిషిని మనిషిగా అవమానించే తప్పుకు మెట్లెందుకు?

కూకట్‌పల్లి కోబ్రా:
మస్తు థ్యాంక్స్ అన్నా, సిస్టర్, కాకా. ఇంకొక్క డౌట్. మా లీడర్ దోస్త్ ఐదు వందలు కడితే అన్‌బ్యాన్ అని పెడదాం అంటుండు, హోస్టింగ్ ఖర్చు వెళ్తదని.

లాస్ శాంటోస్ లాయర్:
వద్దు. డబ్బున్నవాడికి ఆర్‌డీఎం రేటు ఐదు వందలు అని మీరే బోర్డు పెట్టినట్టవుతుంది. పైగా 2022 నవంబరులో రాక్‌స్టార్ ఆర్‌పీ సర్వర్ల గురించి ప్రకటించిన విధానంలో లూట్ బాక్సులు (లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెలు), గేమ్ డబ్బు అమ్మడం, స్పాన్సర్లతో సంపాదన, క్రిప్టో ఇవన్నీ కుదరవని ఉంది. 2023 ఆగస్టులో ఫైవ్ఎమ్ తయారుచేసిన బృందమే రాక్‌స్టార్‌లో చేరింది కూడా. సర్వర్‌లో డబ్బు తిప్పే ఏ పనైనా ఆ విధానం పూర్తిగా చదివాకే మొదలుపెట్టండి. ఖర్చు కోసం అయితే మీ స్టాఫ్ అంతా సమానంగా పంచుకోండి. హోస్టింగ్ ఒక్కడే కడుతున్నంత కాలం అతను చెప్పిందే రూల్ అవుతుంది.

బేగంపేట్ బాద్‌షా:
వైట్‌లిస్ట్ పెట్టు మరి. ఇంటర్వ్యూ లేకుండ ఎవ్వణ్ని రానియ్యకు.

లాస్ శాంటోస్ లాయర్:
పెట్టొచ్చు, కానీ ఇంటర్వ్యూలో "ఆర్‌డీఎం అంటే ఏంటి" అని అడిగితే అందరూ బట్టీ పట్టి చెప్తారు. సందర్భం ఇచ్చి అడగండి: "నీ షాప్ దోచుకున్నవాడు మర్నాడు మాస్క్ లేకుండా ఆటలోని లీజియన్ స్క్వేర్‌లో కనిపించాడు, ఏం చేస్తావ్?" గొంతు గుర్తుపట్టానని పోలీసులకు చెప్తానంటే ఆలోచించేవాడు. కనబడగానే కాలుస్తానంటే వారం ఆగి రమ్మనండి. మార్చిలో మాత్రం కొత్త ఇంటర్వ్యూలు పెట్టుకోకండి, ఇంటర్ పరీక్షలకు సగం స్టాఫ్ మాయమవుతుంది.

కూకట్‌పల్లి కోబ్రా:
రేపు చూడాల్సిన టికెట్ ఒకటుంది. చేజ్‌ల ఒకడు పోలీసును గుద్దిండు, వీడీఎం (కావాలని బండితో గుద్దుడు) అని టికెట్. వాడేమో బ్రేక్ పడలేదు, గేమ్ స్లో అయి ఆగింది అంటుండు. గుద్దినోడు మా లీడర్ గ్యాంగే.

లాస్ శాంటోస్ లాయర్:
ఇద్దరి క్లిప్పులూ తెప్పించండి. గుద్దేముందు కారు ఆఫీసర్ వైపు తిరిగిందా, తప్పించుకోవడానికి తిరిగిందా చూడండి. గుద్దాక ఆగి /me (పాత్ర చేసే పనిని రాసి చూపే కమాండ్) తో ఏమైనా రాశాడా, లేక రివర్స్ చేసి మళ్లీ వచ్చాడా అదీ చూడండి. తేలకపోతే సీన్ రద్దు చేసి, పోలీసుకు పోయిన గేర్ తిరిగి ఇచ్చేయండి, శిక్ష ఎవరికీ వద్దు. తేలితే ఎవరైనా సరే అదే మెట్టు. తీర్పు, కారణం రెండు వాక్యాల్లో టికెట్‌లోనే రాయండి. మీ లీడర్ ఆ టికెట్ ఛానెల్‌లో ఉంటే ముందు అతన్ని అందులోంచి తీసేయండి.

కూకట్‌పల్లి కోబ్రా:
తీసేసిన అన్నా. ఇప్పుడే ఫోన్ చేస్తుండు.