ఎగుమతి సర్క్యూట్ బోర్డుకు లెడ్ (సీసం) సోల్డర్‌తో టచప్ ఇస్తే తప్పేంటి?

చర్లపల్లి_పీసీబీ:
బోర్డులన్నీ లెడ్ ఫ్రీలోనే చేసి, చివర్లో ఒకటి రెండు జాయింట్లకు 63/37తో (63 శాతం తగరం, 37 శాతం లెడ్ ఉన్న సోల్డర్) టచప్ ఇచ్చారని యూరప్ బయ్యర్లు లాట్ మొత్తం తిప్పి పంపడం అన్యాయం. హానికర పదార్థాల మీద యూరప్ పెట్టిన రోహ్స్ నిబంధన ప్రకారం లెడ్ 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి, అంటే 0.1 శాతం) దాటకూడదు. 100 గ్రాముల బోర్డు మీద 10 మిల్లీగ్రాముల సోల్డర్ పడితే అందులో లెడ్ 3.7 మిల్లీగ్రాములు, అంటే 37 పీపీఎం.

క్వాలిటీ_కుషాయిగూడ:
అన్నా, బోర్డు బరువు మీద లెక్క వేయరు. ఇక విడదీయడానికి వీల్లేని ఒక్కో పదార్థానికీ విడిగా వేస్తారు. జాయింట్‌లోని సోల్డర్ ఒకటి, వైరు మీది పీవీసీ ఒకటి, స్క్రూ మీది పూత ఇంకొకటి. మీ జాయింట్‌లో వేసిన 63/37లో లెడ్ 3,70,000 పీపీఎం. బోర్డు బరువుతో లెక్క ఒప్పుకుంటే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ బిగించి ఎంత లెడ్ అయినా దాచేయొచ్చు.

అసలు దెబ్బ బోర్డులు ముంచే కరిగిన సోల్డర్ తొట్టి, అంటే డిప్ పాట్‌లో తగులుతుంది. 20 కిలోల పాట్‌లో 0.1 శాతం అంటే 20 గ్రాముల లెడ్. 55 గ్రాముల 63/37 కలిసిందంటే చాలు, తర్వాత ముంచిన ప్రతి బోర్డూ ఫెయిలే. చవగ్గా వచ్చాయని లెడ్ హాసల్ పీసీబీలు (భాగాలు అతికే ప్యాడ్ల మీద లెడ్ సోల్డర్ పూత ఉన్న ఖాళీ బోర్డులు) ముంచినా అంతే, ప్యాడ్ల మీది పూత కరిగి పాట్‌లోకి దిగుతుంది.

కోఠి_బెంచ్:
ఎగుమతి సంగతి సరే. రిపేరులోనూ లెడ్ వద్దంటే మాత్రం ఒప్పుకోను. 63/37 183 డిగ్రీలకే కరుగుతుంది, లెడ్ ఫ్రీ సోల్డర్ శాక్ 305కి 217 దాటాలి. పాత సింగిల్ సైడ్ బోర్డు మీద ఐరన్ వేడి బిట్ (మొన) కాస్త ఎక్కువసేపు ఆగితే ప్యాడ్ లేచి వస్తుంది. మన ఈ-వేస్ట్ నియమాల్లోనూ 2014 మే 1కి ముందు మార్కెట్లోకి వచ్చిన సామాను స్పేర్లకు మినహాయింపు ఉంది కదా.

క్వాలిటీ_కుషాయిగూడ:
ఉంది, రోహ్స్‌కు సరిపడే స్పేర్లు దొరకనప్పుడే. 2020 మోడల్‌కు అది చెల్లదు. ఇంకో ముప్పు చూడండి: కొన్ని లెడ్ ఫ్రీ సోల్డర్లలో బిస్మత్ ఉంటుంది. దానికి లెడ్ తగిలితే 96 డిగ్రీలకే కరిగే మిశ్రమం పుట్టొచ్చు. పవర్ ట్రాన్సిస్టర్ కాళ్ల దగ్గర ఆ వేడి మామూలే, జాయింట్ వదులైపోతుంది.

చర్లపల్లి_పీసీబీ:
రెండో లైన్ పెట్టే స్తోమత చిన్న యూనిట్లకు ఎక్కడిది?

క్వాలిటీ_కుషాయిగూడ:
లైన్ అక్కర్లేదు, టచప్ బెంచీ వేరు చేయండి. ఐరన్, బిట్లు, స్పాంజ్, డీసోల్డర్ పంప్, విక్ (సోల్డర్ పీల్చే రాగి అల్లిక) అన్నీ విడిగా ఉండాలి. బిట్ మార్చి అదే స్పాంజ్ మీద తుడిస్తే లెడ్ మళ్లీ అంటుకుంటుంది. జాయింట్లను, ఎక్స్ కిరణాలతో మూలకాలను గుర్తించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్‌తో చూడొచ్చు. వైర్ల తొడుగులోని థాలేట్లను (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) మాత్రం అది పట్టలేదు. 2019 జులై 22 నుంచి యూరప్‌లో నాలుగు థాలేట్ల మీద కూడా పరిమితి ఉంది, వాటికి ల్యాబ్‌లో జీసీ-ఎంఎస్ అనే రసాయన పరీక్ష చేయించాలి.

చర్లపల్లి_పీసీబీ:
బెంచీ వేరు చేస్తాం. ప్రతి వైరు రోల్‌కూ ల్యాబ్ టెస్ట్ అడిగే బయ్యర్ ఆ ఖర్చు తనే పెట్టుకోవాలి. ఆ మాటకు మాత్రం కట్టుబడి ఉన్నాను.